కోడె నెమరు

మా మనుమనికి సైన్స్‌ల పదికి పది వచ్చింది. ఇంటిల్లిపాది మురిసింది, వాడకట్టంత లడ్డూలు పంచింది నేనే. తెల్లారి వాణ్ని మా ఊరి రాజన్న గుడి కాడికి తోలుకపోయిన. మొక్కున్నోళ్లు కోడెను పట్టుకొని గుడి చుట్టు తిరుగుతున్నరు. ఓ పక్కకు పండుకున్న కోడె నోరాడిస్తున్నది.

"ఏం తింటున్నదిరా?"

"గడ్డి, తాతా."

దాని ముందట గడ్డిపోచ లేదు! జీర్ణాశయంల గదులు అడిగితే మాత్రం రుమెన్, రెటిక్యులం, ఒమేసం, అబోమేసం అని గుక్క తిప్పుకోకుండ అప్పజెప్పిండు.

మా రోజుల్లో బడి ఇడిచినంక సారు మమ్మల్ని ఇదే జాగకు తెచ్చి, ఒక్క ముద్దను ఎన్నిసార్లు నములుతదో లెక్కవెట్టమన్నడు. నాకు 52 వచ్చింది, నా దోస్తుకు 46. ఎవనిది తప్పని కొట్లాడుకున్నం. నములుడు ఆగుతది, గుటుక్కున మింగుతది, జరసేపటికి మెడల నుంచి ఇంకో ముద్ద పైకి పాకుతది. అది చూసినోడు మరుస్తడా? గుడి కోనేరు ధర్మగుండం నీళ్లల్ల కర్ర ముంచి వంకర చూపెట్టింది గూడ ఆ సారే. స్మార్ట్ బోర్డు యాడిది, సుద్దముక్కకే కరువు!

దాస్తే ఏమొస్తది, అంత ఇష్టమున్న నాకు సైన్స్‌ల వచ్చినవి 41. పరీక్షల కోడె రాలే, నిర్వచనం వచ్చింది. మనుమడు అదే పట్టుకొని "నీకు ఇంట్రస్టు, నాకు మార్కులు" అని ఎక్కిరిస్తడు. ఫోన్ల గూడ చూపెట్టిండు: 2006ల 57 దేశాల పదిహేనేండ్ల పిల్లలకు పీసా అని ఓ పరీక్ష పెట్టిన్రట. జపానోళ్లు మార్కుల్ల ముందట, ఇష్టంల ఎనుక. కొలంబియా పిల్లలు దానికి ఉల్టా. "చూసినవా!" అన్నడు.

కిందిది గూడ సదువుమన్న. ఒక్క దేశంల పిల్లల్నే పక్కపక్కన చూస్తే, ఇష్టమున్నోనికే మార్కులు ఎక్కువట. ఎందుకుండయి? ఆ పరీక్ష జీర్ణాశయం గదుల పేర్లు అప్పజెప్పమనదు, ఓ పట్టిక ముందటవెట్టి ఏం తెలిసిందో చెప్పుమంటది. మన దగ్గరనేమో ల్యాబుకు తాళం, రికార్డేమో పక్కోనిది చూసి రాసుడు. మనుమడు సప్పుడు చెయ్యక ఫోన్ జేబుల వెట్టుకున్నడు.

శివరాత్రికి మా ఊరికొచ్చేటోళ్లకు ఒక్కమాట. దర్శనం లైన్ల గంటలు నిలవడతరు గదా, పిల్లల్ని కోడెల కాడ ఐదు నిమిషాలు నిలవెట్టుండ్రి. మావోనికి 49 వచ్చింది.