అదే పాట, ఏడో ప్రతి

పార్సిల్ బరువు చూడగానే ఇంటావిడకు అనుమానం వచ్చింది. "ఇది మనింట్లో ఉందిగా?" అంది. ఆయన కత్తెర వెతుక్కుంటూ తల ఎత్తకుండానే, "ఇది 2023ది" అన్నాడు. దాంతో చర్చ ముగిసినట్టే అని ఆయన ఉద్దేశం. పింక్ ఫ్లాయిడ్ వారి 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' ఆల్బమ్‌వి ఆ ఇంట్లో అప్పటికే ఆరు ప్రతులున్నాయి.

ఇంగ్లండులోనైనా అమెరికాలోనైనా ఓ మోస్తరు ఊరికి వెళితే ఇలాంటి పెద్దమనిషి ఒకరు తప్పక తగులుతాడు. వయసు అరవై అయిదు దాటి ఉంటుంది. టీషర్టు మీద గాజు పట్టకం, అందులోంచి దూసుకొచ్చే ఇంద్రధనుస్సు. పొట్ట దగ్గరికి వచ్చేసరికి అది నిజంగానే విల్లులా వంగుతుంది. పిల్లలు రెక్కలొచ్చి వెళ్లిపోయాక వాళ్ల గదుల్లోకి అలమరలు వచ్చాయి.

ఆ ఆరూ ఎలా చేరాయో తిథి వార నక్షత్రాలతో సహా చెబుతాడు. మొదటిది 1973 మార్చిలో, పదహారేళ్ల వయసులో, డబ్బులు కూడబెట్టి కొన్న ఎల్పీ. రెండోది కారు కోసం క్యాసెట్. సీడీ అయితే జీవితాంతం చెక్కుచెదరదన్నారు కనుక మూడోది. ఇరవయ్యేళ్ల పండగకు 1993లో వచ్చిన రీమాస్టర్ నాలుగోది. ఇక 2003లో జేమ్స్ గత్రీ ఇంటి నలుమూలల నుంచీ వినబడేలా మిక్స్ చేశాడు. దానికోసం అయిదు స్పీకర్లూ ఒక వూఫరూ కొనాల్సి వచ్చింది, సోఫా గరాజులోకి పోయింది. 2011 పెట్టెలో డిస్కులతోపాటు మెడకు చుట్టుకునే స్కార్ఫు, కప్పుల కింద పెట్టే బిళ్లలు, గోళీలు ఉన్నాయి. గోళీలెందుకని ఈయన అడగలేదు. వాటిని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు కూడా. ఇన్ని ప్రతులున్నా ఆల్బమ్ నిడివి మాత్రం అప్పుడూ ఇప్పుడూ 43 నిమిషాలే.

రీమాస్టర్ అంటే ఏమిటని పొరపాటున అడిగారా, ఆ మధ్యాహ్నం పోయినట్టే. ఆయన గంటన్నర చెప్పేదాన్ని మన వంటింటి లెక్కలో చెప్పుకుందాం. గొంతు, గిటారు, డ్రమ్ము విడివిడి ట్రాకుల మీద ఉంటాయి. వాటిని కలిపి వండితే మిక్స్. వండిన పప్పు జోలికి పోకుండా తాలింపు సరిచూసి వడ్డనకు సిద్ధం చేస్తే మాస్టర్. పాత గిన్నె తీసి తాలింపు మళ్లీ పెడితే రీమాస్టర్. ఆ పాత గిన్నె అంటే టేపు. డెబ్భైల నడుమ నుంచి వచ్చిన కొన్ని టేపులు తేమ పీల్చి జిగురెక్కిపోతాయి. వాటిని 55 డిగ్రీలకు అటూ ఇటూగా గంటల తరబడి వేడిలో ఉంచితే గానీ మెషీన్ మీద తిరగవు. వడియాలు ఎండబెట్టిన జాతికి ఇందులో వింతేం లేదు.

తాలింపు మాడిన సందర్భాలూ ఉన్నాయి. తొంభైల నుంచి ఒకరిని మించి ఒకరు శబ్దం పెంచుకుంటూ పోయి, గుసగుసనూ గావుకేకనూ ఒకే మట్టానికి తెచ్చారు. 2008లో మెటాలికా 'డెత్ మాగ్నెటిక్' పాటలు సీడీలో కంటే 'గిటార్ హీరో' వీడియో గేములోనే బాగున్నాయని అభిమానులే తేల్చారు. అప్పటినుంచి ఈయన కొత్త డిస్కు వినే ముందు గుసగుసకూ గావుకేకకూ మధ్య దూరాన్ని చెప్పే డైనమిక్ రేంజ్ అంకె చూస్తాడు. పద్నాలుగు ఉంటే మొహం వెలుగుతుంది. ఆరు ఉంటే, ఎవరో పోయారేమోనని పక్కింటివాళ్లు పరామర్శకు వస్తారు.

ఇంటికొచ్చినవాళ్ల కోసం గది మధ్యలో ఒకే ఒక్క కుర్చీ ఉంటుంది. రెండు స్పీకర్లకూ సమదూరంలో, కాళ్లు ఎక్కడ ఉండాలో నేల మీద టేపు గుర్తులు. లెడ్ జెప్పెలిన్ మూడో ఆల్బమ్, 1970. పాట 'సిన్స్ ఐ హావ్ బీన్ లవింగ్ యూ'. వచ్చినవాడు గొంతు బాగుందంటాడు, గిటారు బాగుందంటాడు. "అది కాదు" అని ఈయన మళ్లీ వెనక్కి తిప్పుతాడు. "విన్నావా?" "ఏమిటి?" "కిర్రు!" డ్రమ్ములు వాయించిన జాన్ బోనమ్ పాదం కింద పెడల్ కిర్రుమంది, అది టేపెక్కింది. జిమ్మీ పేజ్ దగ్గరుండి చేయించిన 2014 రీమాస్టర్‌లో ఆ కిర్రు మరింత తేటగా ఉందని ఈయన వాదన. వీధి తలుపు కిర్రుమంటోందని ఇంటావిడ పదేళ్లుగా మొత్తుకుంటోంది. అది మాత్రం ఈయన చెవిన పడలేదు.

ఎల్పీ చేతికొస్తే ముందు వినడు, చదువుతాడు. పాట అయిపోయాక లేబుల్ చుట్టూ మిగిలే నున్నటి జాగాను దీపం కింద వాల్చి, భూతద్దం పెడతాడు. 'లెడ్ జెప్పెలిన్ 2' మీద అక్కడ 'ఆర్ ఎల్' అని గీసి ఉంటే చేతులు వణుకుతాయి. 1969లో బాబ్ లుడ్విగ్ కోసిన మాస్టర్ అది. అట్లాంటిక్ రికార్డ్స్ పెద్ద అహ్మెట్ ఎర్టెగన్ కూతురి చౌక ప్లేయర్ మీద ఆ జోరుకు ముల్లు ఎగిరి పడిందని, కంపెనీ కంగారుపడి నెమ్మదైన మాస్టర్ మరొకటి కోయించిందని లుడ్విగే చెప్పాడు. అప్పుడు వద్దనుకున్న ఆ ప్రతి ఇప్పుడు వందల డాలర్లు పలుకుతోంది.

2022లో ఈ కులానికంతా తలవంపులొచ్చాయి. అమెరికాలోని మొబైల్ ఫిడెలిటీ కంపెనీ ఎల్పీలు అచ్చమైన అనలాగ్ అని నమ్మి, కొన్నింటికి వంద డాలర్లకు పైగా పోసి కొన్నారు. తయారీలో డిజిటల్ మెట్టు ఒకటుందని, అదీ ఏళ్లుగా ఉందని ఆ ఏడాది బయటపడింది. గొడవ కోర్టుకెక్కి, 2.5 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. డిజిటల్ అయితే మొదటి క్షణంలోనే పసిగడతామన్న చెవుల్లో ఒక్కటీ అన్నాళ్లూ పసిగట్టలేదు. ఈయన ఆ వారమంతా మౌనవ్రతం పట్టాడు. తిరిగిచ్చేసి డబ్బు తెచ్చుకోమంటే మాత్రం, "వినడానికి బాగానే ఉంది" అని గొణిగాడు.

బీటిల్స్ దగ్గర ఇంకో చిక్కు. 2009 సెప్టెంబర్ 9న వాళ్ల ఆల్బమ్‌లన్నీ రీమాస్టరై స్టీరియోలో ఒక పెట్టెగా, మోనో మిక్స్ ఉన్నవి ఇంకో పెట్టెగా వచ్చాయి. రెండు చెవులకు ఒకసారి, ఒక చెవికి ఇంకోసారి కట్టాడు.

అందులో 1967 నాటి 'సార్జెంట్ పెప్పర్స్' చివర ఒక ఈల ఉంది. 15 కిలోహెర్ట్జ్ దగ్గర, కుక్కలకు వినబడాలని సరదాకి పెట్టింది. కుర్రకారు చెవులు దాన్ని అందుకుంటాయి, అరవై దాటినవి సాధారణంగా అందుకోలేవు. మొన్న రాత్రి ఈయన ఆ డిస్కు పెట్టుకుని, కళ్లు మూసుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఆఖరి పియానో మోత ఆరిపోయింది. కాళ్ల దగ్గర పడుకున్న కుక్క చెవులు నిక్కించి లేచి నిలబడింది. "చూశావా, 2009లో ఈల ఎంత శుభ్రంగా వచ్చిందో!" అన్నాడు ఇంటావిడతో.

ఆ కుక్కకు రెండేళ్లు.