విశ్రాంత జీవితమూ ఆరవ గణమూ

తెలుగునాట మనిషికి కొత్త అభిరుచులు ఏ వయసులో మేలుకోవాలన్న విషయాన్ని ప్రకృతి కాక ప్రభుత్వ ఉత్తర్వు, అనగా వాడుకలో జీవో అనబడే కాగితం, నిర్ణయిస్తూ వచ్చింది. 1983లో నందమూరి తారక రామారావు ప్రభుత్వం పదవీ విరమణ వయసును 58 నుంచి 55 ఏళ్ళకు తగ్గించగా, ఏ సన్నాహమూ లేని ఉద్యోగులు వేల సంఖ్యలో ఒక్కసారిగా తీరిక గలవారైపోయారు. తరువాత మళ్ళీ 58కి చేరిన ఆ వయసు ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60కి, 2022లో 62కి పెరిగింది. తెలంగాణలో 2021లో 61 అయింది. కనుక ఖమ్మంలో మొక్కల మీద పుట్టే మమకారం విజయవాడలో ఒక ఏడాది ఆలస్యంగా పుడుతుందని భావించవలసి ఉంటుంది. ఇల్లాలికి మాత్రం ఏ ప్రభుత్వమూ ఇంతవరకు ఏ వయసునూ ప్రకటించలేదు; భర్త విరమణతో ఆమెకు పని తగ్గకపోగా పదకొండు గంటల కాఫీ ఒకటి అదనంగా చేరుతుంది.

విరమణ పొందిన అధికారి తొలి దినాలలో వెతికేది కొత్త అభిరుచిని కాదు, పాత కార్యాలయాన్నే. అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శియై కాపలాదారుకు సంజాయిషీ నోటీసు ఇస్తాడు. అది చాలనప్పుడు వంటింటి సరుకులకు స్టాకు రిజిస్టరు తెరుస్తాడు. కందిపప్పు నిల్వలో తేడా గురించి ఇల్లాలి వాంగ్మూలం విన్న మీదట ఆ రిజిస్టరు సాధారణంగా మూతపడుతుంది.

తదుపరి మజిలీ హోమియోపతి. జర్మన్ వైద్యుడు హానిమన్ రూపొందించిన ఈ విధానంలో మందును ఎన్నిసార్లు పలుచన చేస్తే అంత శక్తి పెరుగుతుందన్నది మూలసూత్రం. ఒక్కొక్క బల్ల దాటేకొద్దీ విషయం పలుచబడి ప్రాముఖ్యం పెరిగిన ఫైళ్ళను ఉద్యోగకాలమంతా చూసినవాడికి ఈ సిద్ధాంతం వెంటనే ఒంటబడుతుంది. ఆ వీధిలో తుమ్మినవారికల్లా నక్స్ వామికా అందుతుంది. కొంతకాలానికి ఆయన ఎదుట తుమ్మడం మానుకుంటారు గనుక, వైద్యం ఫలించినట్లే లెక్క.

డాబా మీద కుండీలలో, మడులలో కూరగాయలు పండించే మిద్దెతోట, కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి కృషితో చాలామందికి చేరువైన వ్యాపకం, అధికారికి తొలి భంగపాటును రుచి చూపిస్తుంది. పొట్లపాదు మెమోకు జవాబివ్వదు.

అయితే అధికారం బొత్తిగా చెల్లని చోటు ఛందస్సు. విశ్రాంతుల వ్యాపకాలన్నింటిలో శతక రచనే, చదవవలసి వచ్చినవారు ఏమనుకున్నప్పటికీ, ఉత్తమమైనది. ఒకే మకుటంతో, అనగా ప్రతి పద్యం చివరా తిరిగి వచ్చే సంబోధనతో, నూరు లేదా నూటెనిమిది పద్యాలు కూర్చడం దీని పద్ధతి. ఆ సంబోధన ఎక్కువగా కులదైవానికే దక్కుతుంది, ఎందుకంటే మధ్యలో లేచి వెళ్ళే వెసులుబాటు లేని శ్రోత ఆ ఒక్కరే. కందం రాసినవాడే కవి అన్న నానుడి ఉన్నందున విశ్రాంతుడు ముందుగా దానినే పడతాడు. కందంలో ప్రతి గణమూ, అనగా అక్షరాల జట్టూ, నాలుగు మాత్రల కొలతలో ఉండాలి. బేసి స్థానంలో జగణం నిషిద్ధం. ఆరవ గణం మాత్రం జగణమో నలమో అయి తీరాలి. యతి, ప్రాసల సంగతి వేరు. సర్వీసు నిబంధనలలో సడలింపులు వెలికితీయడంలో తల పండినవాడు ఇక్కడ కూడా, ప్రత్యేక పరిస్థితుల దృష్ట్యా ఆరవ గణంలో భగణాన్ని అనుమతించగల పై అధికారి ఎవరా అని ఆరా తీస్తాడు. నన్నయ రాజమహేంద్రవరంలో కందాలు చెప్పిన నాటినుంచి ఆ సడలింపు ఎవరికీ మంజూరైనట్లు లేదు. చివరకు ఒక తెల్లవారుజామున జగణం తనంతట తాను వచ్చి ఆరవ స్థానంలో కూర్చున్నప్పుడు, ఏ సిఫారసూ లేకుండా జరిగిన ఆ పనిని చూసి ఆయన పొందే ఆనందం పదోన్నతి ఉత్తర్వు అందుకున్ననాటి ఆనందాన్ని మించిపోతుంది.

ఇటువంటివాడు తాను బతికి ఉన్నట్లు పింఛనుదారు ఏటా ఇవ్వవలసిన జీవన ధ్రువీకరణ పత్రాన్ని మరచిపోతాడు. 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్ పద్ధతి వల్ల వేలిముద్రతో ముగిసే పనే అయినా, పింఛను ఆగిన తరువాత గాని ఆయనకు గుర్తు రాదు. వెళ్ళిన చోట గుమాస్తా వేలు పెట్టమంటే ముందు పద్యం వినమంటాడు. గుమాస్తా విసుక్కుంటాడు, తనకూ విరమణ దగ్గరపడి ఉంటే మాత్రం కుర్చీ కాస్త ముందుకు లాక్కుని, ఆరవ గణం అంటే ఏమిటని అడుగుతాడు.