మహాగని మహిమ

గిటారు కొనడానికి అత్తగారిని వెంటబెట్టుకుని ఎవరూ వెళ్లరు. కానీ అమెరికాలోని ఇర్వింగ్‌లో ఆ శనివారం భార్యకి ఆఫీసు కాల్స్, పిల్లలకి ఈత క్లాసు. విజయనగరం నుంచి ఆర్నెల్లకని వచ్చిన పెద్దావిడ ఇంట్లో ఒక్కతే ఏం చేస్తుందని అల్లుడు కారెక్కించుకున్నాడు.

దారి పొడవునా బ్లాక్ సబ్బత్ బ్యాండు గిటారిస్టు టోనీ అయోమీ కథే. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీ, 1965. పదిహేడేళ్ల కుర్రాడు. ఉద్యోగం మానేస్తున్న ఆఖరి రోజునే కుడిచేతి రెండు వేళ్ల కొసలు మిషన్‌లో పడి తెగిపోయాయి. ఎడంచేతివాటం మనిషి కాబట్టి తీగలు నొక్కాల్సిన వేళ్లు అవే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు, సన్నతీగలు వేసుకున్నాడు. 1971లో బ్లాక్ సబ్బత్ మూడో ఆల్బమ్ నాటికి కొన్ని పాటల్లో తీగల్ని వదులు చేసి ఏకంగా ఒకటిన్నర శ్రుతి దించేశాడు.

"ఆ వదులు తీగల్లోంచి వచ్చిన బరువు ఉందే, హెవీ మెటల్ అంటే అదే అత్తయ్యా!"

"పాపం, ఎంత నొప్పెట్టిందో పిల్లాడికి" అందావిడ.

షాపులో మూడు గిటార్లు ముందే ఎంచిపెట్టుకున్నాడు. మొదటిది అయోమీ వాయించే రకం, ఎర్ర గిబ్సన్ ఎస్‌జీ. రెండు వేల డాలర్ల చిల్లర. రెండోది జపాన్‌లో తయారైన నల్ల ఈఎస్‌పీ. మెటాలికా హెట్‌ఫీల్డ్ చేతిలో కనిపించే కంపెనీ. దాని పికప్‌లకి తొమ్మిది వోల్టుల బ్యాటరీ కావాలి, అది అయిపోతే గిటారు మూగబోతుంది. మూడోది మేరీల్యాండ్‌లో చేసే పీఆర్‌ఎస్ కస్టమ్ 24. ఓపెత్ బ్యాండు వాళ్లు వాయించింది ఆ కంపెనీవే. ధర నాలుగు వేలు దాటింది.

"ఇది పనస చెక్కా బాబూ? మా బొబ్బిలి వీణకి అదే వాడతారు."

"కాదత్తయ్యా, మహాగని. పనసతో మెటల్ రాదు."

ఎందుకు రాదో ఎవరైనా చేసి చూశారో లేదో గానీ, ఆవిడ వాదించలేదు. బల్ల మీద కూర్చుంది.

మూడింటినీ ఒకే యాంప్‌కి తగిలించి, నాబ్‌లు ముట్టుకోకుండా, ఒకటే రిఫ్ వాయించాడు. అరచేతి అంచు బ్రిడ్జి దగ్గర తీగల మీద ఆనించి, దిగువ తీగ మీద దడదడమని. ఎర్రది బాగానే ఉంది గానీ పైపైన పలుకుతోందన్నాడు. నల్లది మరీ కచ్చితంగా ఉంది, ప్రాణం లేదన్నాడు. మూడోది మీటగానే కళ్లు మూసుకున్నాడు.

"ఇదీ! ఈ చీకటి విన్నారా? మహాగని మహిమ ఇది."

మూడింటి ఒళ్లూ మహాగనే. మూడోదానికైతే పైన మేపుల్ పలక కూడా ఉంది. ఆ పలక వేసేదే నాదం తేటపడటానికి. అయినా నాలుగు వేల డాలర్లు పెట్టబోతున్న మనిషి చెవికి ఏం వినపడాలో అదే వినపడుతుంది.

అత్తగారు బల్ల మీద ఇబ్బందిగా కదిలింది.

"ఏమత్తయ్యా, మీకూ తేడా తెలిసిందా?"

"తెలిసింది బాబూ."

"చూశావా!" అన్నాడు షాపు కుర్రాడితో ఇంగ్లీషులో. "జన్మలో మెటల్ వినని మా అత్తగారికే తెలిసిపోయింది!" కార్డు గీసేశాడు.

పెట్టెలో సర్దేముందు కుర్రాడు తలకి ట్యూనర్ తగిలించి తీగలు సరిచేశాడు. స్ప్రింగుల బ్రిడ్జి కదా, ఒకటి బిగిస్తే ఇంకోటి జారుతుంది. కాస్త టైము పట్టింది. అల్లుడు ముచ్చటపడి మరోసారి తీసుకుని అదే రిఫ్ వాయించాడు. ఆగాడు. యాంప్ వైపు చూశాడు. మళ్లీ వాయించాడు.

"అదేంటి, ఎర్రదానిలాగే ఉంది! ఇందాకటి బరువేదీ?"

"ఇందాక అర శ్రుతి దిగి ఉంది బాబూ" అంది అత్తగారు. "ఎవరో వాయించి అలాగే వదిలేసినట్టున్నారు. మిగతా రెండూ సరిగ్గానే ఉన్నాయి."

అల్లుడి చెయ్యి తీగల మీదే ఉండిపోయింది.

"మరి ముందే చెప్పొచ్చు కదత్తయ్యా!"

"దించితేనే బరువని కారులో మీరే చెప్పారుగా. ఎర్రదానికీ బిరడాలున్నాయి, తిప్పితే అదీ దిగుతుంది కదా అనుకున్నాను. మీరేమో దీనికే కార్డు ఇచ్చేశారు. ఈ దేశంలో బిరడా తిప్పిపెట్టడానికి రెండు వేల డాలర్లు పుచ్చుకుంటారు కాబోలని ఊరుకున్నాను."