ఎలుక చచ్చె: సటీకా తాత్పర్యము

మూలము

ఎలుక చచ్చె ననుచు నిచ్చె పాయింట్లను
లెవెలు పెరిగె ననుచు లేఖ వచ్చె
నవ్వు కొరకుఁ దిప్ప నాల్గు నూర్ల పుటలు
రాయదుర్గ మొచ్చె, రాదు నవ్వు

అవతారిక: లిట్‌ఆర్‌పీజీ అని 2013లో రష్యావారు పేరు పెట్టిన నవలాజాతి ఒకటి కలదు. అందు నాయకుడు వీడియో గేమ్ వంటి లోకమున పడును. ఏ ప్రాణిని చంపినా పాయింట్లు, అవి పోగైనచో లెవెలు. అట్ట మీద ‘కడుపుబ్బ నవ్వించును’ అని చూసి అట్టి నవల కొన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి నాగోలులో మెట్రో ఎక్కి చదివి, దిగుచు చెప్పిన పద్యమిది. మూలమున లేనిది వ్రాయను, అక్కరలేనిది చెప్పను అని మాట ఇచ్చిన వ్యాఖ్యాత మల్లినాథసూరి మన మెదకు సీమ కొల్చారము వాడు. ఈ టీకాకారునిది ఆయన దారి. నవలాకారునికి ఆ రెండవ నియమము తెలియదు.

ప్రతిపదార్థము: ఎలుక = నేలమాళిగలోని సామాన్య మూషికము; చచ్చెన్ అనుచున్ = నాయకుని చీపురుదెబ్బకు గతించెనని; పాయింట్లను ఇచ్చెన్ = ఆ లోకమునేలు సిస్టమ్ ప్రసాదించెను; లేఖ = కన్నుల ఎదుట గాలిలో తేలు నీలి పెట్టె; నవ్వు కొరకున్ = అట్ట మీది హామీ నెరవేరునను ఆశతో; తిప్పన్ = తిప్పగా; రాయదుర్గము = 2019 నవంబరు 29న తెరిచిన, నీలి లైను చివరి స్టేషను; ఒచ్చెన్ = వచ్చెను (లాగిన్ వేళ మించినవానికి వ్యాకరణ దోషము అంటదు); నవ్వు రాదు = స్పష్టము.

శంక: ఒక్క ప్రయాణమున నాలుగు వందల పుటలా? సమాధానము: పట్టికలే ఎక్కువ గనుక వేలితో తోసుకొని పోవచ్చును.

తాత్పర్యము: చీపురు పట్టుకుని ఎలుక వెంటపడే వీరుడు హాస్యానికి మంచి సరుకే. కానీ దెబ్బ పడగానే రచయిత కథ ఆపి బలం 12, చురుకు 9, అదృష్టం 7 అని పట్టిక వేస్తాడు. రెండో ఎలుక చచ్చాక మళ్లీ అదే పట్టిక, బలం 13. పొద్దస్తమానం టికెట్లు, డ్యాష్‌బోర్డులు, అప్రైజల్ రేటింగులు చూసే సైబరాబాద్ మనిషికి ఇది కాలక్షేపం కాదు, జీతం లేని ఓవర్‌టైమ్. దోషం: పునరుక్తి.

విశేషము: ఆట నియమాలు కథలో ఉండటం తప్పు కాదు. ‘పాతాళభైరవి’ (1951) సినిమా నిండా అవే. తోట రాముడు రాకుమారిని పెళ్లాడాలంటే రాజుతో సమానమైన సిరి సంపాదించాలి. అది అతని లెవెలు. దక్కిందంతా మాంత్రికుడు ఎత్తుకుపోతాడు. ఆట మళ్లీ మొదటికి. ఆ మాంత్రికుడి శక్తి గడ్డంలో ఉంది. అంతటివాడూ గడ్డం గీయించుకుని గుల్లవుతాడు. అక్కడ నియమమే నవ్వు పుట్టిస్తుంది, ఆ నవ్వే కథను తిప్పుతుంది. ఈ నవలలో లెవెలు పెరగడానికి ఎవడూ గడ్డమైనా పోగొట్టుకోడు.