అద్దె సర్వర్లో అధికార వికేంద్రీకరణ

ఈ మధ్య మనవాళ్లలో కొత్త రకం విప్లవకారులు బయల్దేరారు. పొద్దున్నే కాఫీ తాగి, క్లౌడ్ కంపెనీ సైట్లో క్రెడిట్ కార్డు నంబరు కొట్టి, మధ్యాహ్న భోజనం వేళకల్లా పెత్తందారీ వ్యవస్థను కూల్చేస్తారు. ‘ఇథీరియం నోడ్ పెట్టేశానండోయ్, ఇక ఈ నెట్‌వర్క్‌కి యజమాని అంటూ ఎవడూ లేడు!’ అని చాటింపు. నెట్‌వర్క్ సంగతేమో గానీ, ఆ నోడ్‌కి మాత్రం యజమాని ఉన్నాడు. నెలనెలా బిల్లు పంపేది ఆయనే.

ఆశయాన్ని తప్పుపట్టలేం. 2009 జనవరి 3న బిట్‌కాయిన్ తొలి బ్లాకు పుట్టింది మధ్యలో బ్యాంకు పెత్తనం లేకుండా ఎవరి లెక్క వాళ్లే సరిచూసుకోవడానికి. వేల చోట్ల వేల కంప్యూటర్లు (వీటినే నోడ్లంటారు) ఒకే పద్దు పుస్తకాన్ని దాచుకుంటే, ఒకడు దొంగలెక్క రాసినా మిగతావాళ్లు పట్టేస్తారు. ఎవడో ఒకడు ప్లగ్గు పీకేసినా పద్దు ఆగదు. ఆ ఒక్కడి చేతిలోనే వందల ప్లగ్గులుంటే ఏమిటన్నది మన విప్లవకారుడికి తట్టని ప్రశ్న.

ఆయన నోడ్ పెట్టే వైభోగం చూసి తీరాలి. 16 జీబీ ర్యామ్, 2 టీబీ ఎస్‌ఎస్‌డీ ఎంచుకుంటాడు. 30303 పోర్టు తెరుస్తాడు. ప్రాంతం దగ్గర కాసేపు ఆలోచిస్తాడు. 2022 నవంబరు నుంచి అమెజాన్ క్లౌడ్‌కు హైదరాబాద్ కూడా ఒక ప్రాంతమే కాబట్టి స్వదేశీ ముచ్చటా తీరుతుంది. చివర్లో ‘నిబంధనలన్నీ చదివాను, అంగీకరిస్తున్నాను’ అన్న గడిలో ఒక్క అక్షరం చదవకుండా టిక్కు పెడతాడు. ‘ఎవర్నీ నమ్మొద్దు, స్వయంగా సరిచూసుకో’ అన్నది ఈ మతానికి మూలమంత్రం. భక్తుడు సరిచూడనిది ఆ ఒప్పందం ఒక్కటే!

ఆ ఒప్పందం బాగా తెలిసినవాళ్లు వేరే ఉన్నారు, దాన్ని రాసిన కంపెనీలే. క్రిప్టో పనులకు తమ సర్వర్లు వాడకూడదని జర్మనీలోని హెట్స్‌నర్ కంపెనీ నిబంధనల్లో ఉంది. 2022 నవంబరులో ఆ కంపెనీ సొలానా అనే క్రిప్టో నెట్‌వర్క్‌లో పద్దు సరిచూసే నోడ్లకు, అంటే వాలిడేటర్లకు, దారి మూసేసింది. వాలిడేటర్ల తరఫున పణంగా పెట్టిన సొమ్ములో, అంటే స్టేక్‌లో, దాదాపు 20 శాతం ఒక్కసారిగా ఆఫ్‌లైన్ అయింది. సొలానా ఆగలేదు, నిజమే. కానీ స్టేక్‌లో మూడో వంతు దాటి పడిపోతే అలాంటి నెట్‌వర్క్‌లో కొత్త పద్దు ఖాయం కాదు. అంటే బడా కంపెనీలు ఒకటి రెండు ఒకే రోజు కన్నెర్రజేస్తే చాలు. పోలీసులు అక్కర్లేదు, ప్రభుత్వం అక్కర్లేదు, కస్టమర్ కేర్ ఈమెయిల్ ఒక్కటి సరిపోతుంది.

కన్నెర్ర చెయ్యనక్కర్లేదు, వాళ్లకు జలుబు చేసినా చాలు. 2021 డిసెంబరు 7న అమెజాన్ క్లౌడ్ మొరాయిస్తే, వికేంద్రీకృత ఎక్స్ఛేంజీనని చెప్పుకునే డీవైడీఎక్స్ కూడా పడకేసింది. తమ సేవలో కొన్ని భాగాలు ఇంకా కేంద్రీకృతంగానే ఉన్నాయని తర్వాత వాళ్లే ఒప్పుకున్నారు. జుట్టు ఒకరి చేతికిచ్చి, తల మాత్రం నాదేనంటే ఎవరు నమ్ముతారు?

‘ఇంట్లో పెడితే కరెంటు పోతుందండీ, నెట్ పోతుందండీ’ అంటారు. పోనివ్వండి! మీ వీధిలో కరెంటు పోతే మీ నోడ్ ఒక్కటే పడుకుంటుంది, విజయనగరంలోదీ వరంగల్‌లోదీ నడుస్తూనే ఉంటాయి. అసలీ ఏర్పాటంతా అందుకే కదా! బిట్‌కాయిన్ నోడ్‌కైతే రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటరూ, ఒక ఎస్‌ఎస్‌డీ చాలు.

నేర్చుకోవడానికి క్లౌడ్‌లో నోడ్ పెట్టుకుంటే తప్పేం లేదు, పెట్టుకోండి. దానికి వికేంద్రీకరణ అని పేరు పెట్టి ఊరేగకండి. మీ నోడ్‌ను ఆపే అధికారం మీకు కాక ఇంకొకరికి ఉంటే, మీరు పెట్టింది స్వతంత్ర నోడ్ కాదు, ఆ కంపెనీ ఖాతాదారుల్లో మీరూ ఒకరు, అంతే.