పసిఫిక్‌లో పండితుణ్ణి, బుడమేరులో బాధితుణ్ణి

ఎవరైనా "ఈ ఏడు వానలెలా ఉంటాయంటారు?" అని అడిగితే చాలు, నాకు పూనకం వచ్చేస్తుంది. అడక్కపోయినా వస్తుందనుకోండి. పసిఫిక్ నడుమ నీళ్లు వేడెక్కితే ఎల్‌నినో, మనకు వాన తక్కువ; చల్లబడితే లానినా, వాన ఎక్కువ. ఈ రెండు ముక్కలు పట్టుకుని బెజవాడ సింగ్‌నగర్‌లో నేను చేసిన పెత్తనం అంతా ఇంతా కాదు. వందేళ్ల కిందట మన వాతావరణ శాఖకు పెద్దగా ఉన్న గిల్బర్ట్ వాకర్, పసిఫిక్‌లో గాలి ఒత్తిడి పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గుతుందని లెక్కలు కట్టి తేల్చాడు. అంత చేసినవాడూ రుతుపవనాల గురించి గట్టిగా చెప్పలేకపోయాడు. నేను కిళ్లీకొట్టు దగ్గర నిలబడి చెప్పేసేవాణ్ణి.

అసలు సింగ్‌నగర్‌లో ఇల్లు కొన్నదే ఈ తెలివితో. 2005లో అక్కడికి బుడమేరు వాగు పొంగి వచ్చిందని తెలిసే, చవగ్గా వస్తోందని కొన్నాను. "వచ్చి వెళ్లింది కదా, ఇప్పట్లో రాదు" అని మా ఆవిడకు సముద్రాల చక్రాలు విడమరిచి చెప్పాను. చక్రం అంటే నా దృష్టిలో రైల్వే టైంటేబులు. ఎల్‌నినో రెండేళ్లకూ రావచ్చు, ఏడేళ్లకూ రావచ్చు అన్న సంగతి చదివాను గానీ, ఇంటి ధర ముందు అది గుర్తుకు రాలేదు.

2024 ఆగస్టు. లానినా వస్తుంది వస్తుందన్నారు, రాలేదు. హిందూ మహాసముద్రం డైపోలు, అంటే ఆఫ్రికా వైపు నీళ్లకూ సుమత్రా వైపు నీళ్లకూ మధ్య వేడి తేడా, ఎటూ మొగ్గలేదు. నెలాఖరున ముసురు పట్టింది. పై అంతస్తు పిన్నిగారు మెట్ల మీంచి తొంగిచూసి, "నాయనా, కారు తీసుకెళ్లి ఫ్లైఓవర్ మీద పెట్టు" అన్నారు. నేను నవ్వి, "సముద్రం న్యూట్రల్‌లో ఉందండీ, కంగారు పడకండి" అన్నాను.

ఆదివారం, సెప్టెంబరు 1. గుమ్మం కింద తడి కనిపించింది, తుడుద్దామని గుడ్డ తెచ్చేలోపు చీలమండ మునిగింది, గుడ్డ పడేసి ఇన్వర్టరు ఎత్తబోతే మోకాళ్లు మునిగాయి, బియ్యం డబ్బా తేలింది, ఫ్రిజ్ పడుకుంది, మా ఆవిడ పిల్లాణ్ణి చంకనేసుకుని గ్యాస్ పుస్తకం, పట్టా కాగితాలు పట్టుకుని పైకి పరిగెత్తింది, నేను మాత్రం గోడకున్న పసిఫిక్ పటం ఊడదీసుకుని ఆమె వెనకే ఎక్కాను. కిటికీలోంచి చూస్తే కారు తేలుతోంది. అదీ న్యూట్రల్‌లోనే.

పిన్నిగారు ఒక్క మాట అనలేదు, ఉప్మా పెట్టారు. తిట్టినా బాగుండేది.

నిజానికి నాకు తెలియనిదేం కాదు. 1997లో మహా ఎల్‌నినో వచ్చినా దేశంలో వాన మామూలుగానే పడింది. 2009 ఎల్‌నినో ఏడు, దేశమంతా కరువు, అయినా అక్టోబరులో కర్నూలు మునిగింది. 1986లోనూ దేశంలో వాన తక్కువే, ఆ ఆగస్టులోనే భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు పెరిగింది. ఇవన్నీ చదివి 'మినహాయింపులు' అని పక్కన పెట్టాను. మనకు నచ్చనివన్నీ మినహాయింపులే కదా, మీకైనా.

సముద్రం నాలుగు నెలల వానాకాలాన్ని కాస్త అటో ఇటో మొగ్గేలా చేస్తుంది. వరదకు ఒక్క వాయుగుండం చాలు. వెలగలేరు దగ్గర గేట్లు పెట్టి బుడమేరును కృష్ణలోకి మళ్లిస్తారు. ఆ రోజు కృష్ణే పొంగుతోంది, మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది, ఇక ఎవరి నీళ్లు తీసుకుంటుంది? మళ్లింపు కాలువ కట్టలు తెగాయి. బుడమేరు కొల్లేరుకు తన పాత దారిన తను పోయింది. దారిలో ఇల్లు కొన్నది నేను.

దూరపు సముద్రం గురించి మాట్లాడితే విజ్ఞానం, వీధి చివరి కాలువ పూడిక గురించి మాట్లాడితే చాదస్తం. ఆ మోజులోనే మునిగాను.

ఇప్పుడు బుద్ధి వచ్చిందా అంటే, కొంచెం. చినుకు పడితే చాలు, వెలగలేరులో ఎన్ని గేట్లు ఎత్తారో కనుక్కుని వీధంతా చాటుతున్నాను. వద్దన్నా వినిపిస్తున్నాను. జబ్బు తగ్గలేదు గానీ, ఇంటికి దగ్గరైంది.