వాహనానికో వాహనం: టీకా తాత్పర్య సహితం

అవతారిక:

హైదరాబాద్ ఔటర్ రింగురోడ్డు పక్కన 2023 అక్టోబరులో సౌరఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట తెరిచారు. దాని మీద తొక్కడం హాయి. ఉప్పల్ నుంచి దాని దాకా తొక్కుకుంటూ పోవడం సాహసం. కనుక సైకిలెక్కదలచినవాడు ముందుగా సైకిలును కారెక్కించాలి. అనంతగిరి కొండలకు పోయేవారిదీ, అరకు ఘాట్ ఎక్కడానికి విశాఖ నుంచి శృంగవరపుకోట దాకా కారులో పోయేవారిదీ ఇదే స్థితి. అట్టి కారును ఎన్నుకోవడమెలా అన్న సందేహం తీర్చడానికి ఈ తేటగీతి పుట్టింది. మూలకర్తా టీకాకారుడూ ఒక్కరే కావడం వల్ల పాఠాంతరాలు లేవు.

మూలం:

కారు కొనబోవు రౌతన్న! కాస్త నిలువు
లీటరుల లెక్క చూడకు, లేచి వెళ్ళి
వెనుక తలుపెత్తి టేపుతో వెలితి కొలువు
చక్రమొకటూడి పట్టిన సరియె బండి.

ప్రతిపదార్థం:

కారు కొనబోవు రౌతన్న = వాయిదాల కాగితం మీద ఇంకా సంతకం పెట్టని ఓ సైకిలు రౌతా; కాస్త నిలువు = అడ్వాన్సు కట్టకు; లీటరుల లెక్క = బ్రోషరులో డిక్కీ పక్కన వేసిన అంకెను; చూడకు = నమ్మకు; లేచి వెళ్ళి = ఏసీని, కాఫీని, సేల్స్‌మన్ మంచిమాటను విడిచి; వెనుక తలుపెత్తి = డిక్కీ తెరిచి; టేపుతో = వడ్రంగి వాడే ఇనప టేపుతో; వెలితి = లోపలి ఖాళీని; కొలువు = సెంటీమీటర్లలో కొలుచుకో; చక్రమొకటూడి = ముందుచక్రం తీసేయగా; పట్టిన = సైకిలు పట్టినట్లయితే; బండి = ఆ కారు; సరియె = తగినదే.

టీక:

“లీటరుల లెక్క”. లీటర్లు పాలకూ పెట్రోలుకూ చెల్లుతాయి. సైకిలు పోస్తే సర్దుకునేది కాదు. సెడాన్ డిక్కీ ఐదువందల లీటర్లున్నా నోరు ఇరుకు. పైగా చాలా సెడాన్లలో వెనక సీటు మడవడానికే రాదు. దీనికి తోడు పన్ను. 2006 బడ్జెట్ నుంచి నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లకు పన్ను తక్కువ. ఆ గీత లోపల ఒదగడానికి తోక కోయించుకున్న సెడాన్లు సైకిలుకు అపాత్రాలు. పొడవులో పోయిన చోటును ఎత్తులో రాబట్టుకున్న వ్యాగన్‌ఆర్ వంటివి పాత్రాలు: పొడవు 3,655 మి.మీ., ఎత్తు 1,675 మి.మీ.

“వెలితి”. రోడ్డు సైకిలు పొడవు సుమారు 170 సెం.మీ.; ముందుచక్రం తీస్తే 140కి అటూ ఇటూ. కొండలెక్కే ఎంటీబీ ఇంకా పొడవు. దాని హ్యాండిలే 75 సెం.మీ. దాకా ఉంటుంది. కనుక కొలతలు మూడు: డిక్కీ నోటి ఎత్తూ వెడల్పూ, సీట్లు మడిచాక ముందుసీటు వీపు దాకా నేల పొడవు, మడిచిన సీటుకూ డిక్కీ నేలకూ మధ్య మెట్టు ఎత్తు. డిక్కీలో సీఎన్‌జీ సిలిండరు కూర్చుని ఉంటే కొలవనక్కర్లేదు. సీటు 60:40గా విడిపోతే సైకిలూ మిత్రుడూ ఇద్దరూ వస్తారు. ఒకే పలకగా మడిస్తే ఇద్దరిలో ఒకరే.

“చక్రమొకటూడి”. ఎవరి చక్రమని శంక. కారుదని మందబుద్ధులు అంటారు; వారిని ఉపేక్షించాలి. పానా లేకుండా సైకిలు చక్రాన్ని ఊడదీసే క్విక్ రిలీజ్ పిడి లోకానికి అలవాటైంది, 1933లో ఇటలీలోని విచెంజాలో కంపెనీ పెట్టిన టుల్లియో కంపాన్యోలో చలవ వల్ల. డిస్కు బ్రేకులుంటే చక్రం తీశాక బ్రేకు నొక్కరాదు. ప్యాడ్లు దగ్గరపడి చక్రం మళ్ళీ ఎక్కనంటుంది. వాటి మధ్య అట్టముక్క పెట్టాలి. గొలుసు వైపు పైకి ఉండేలా పాత దుప్పటి మీద పడుకోబెట్టాలి.

పూర్వపక్షం:

కప్పు ఉండగా కడుపులో ఎందుకని ఊర్ధ్వవాదులు. క్యారియరుతో కప్పు మీద నిలబెట్టవచ్చు. అది ఎంత బరువు మోస్తుందో కారు పుస్తకంలోనే ఉంటుంది. కానీ గాలి అడ్డుపడి మైలేజీ తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యం, కప్పు మీద సైకిలున్న సంగతిని అపార్టుమెంటు సెల్లార్ దూలం గుర్తుచేస్తుంది.

పట్టీలు కట్టి వెనక తలుపుకు వేలాడదీయమని పృష్ఠవాదులు. నంబరుప్లేటూ వెనక లైట్లూ మూసుకుపోతే చలానా ఖాయం. స్టెప్నీని తలుపు మీద మోసే థార్, జిమ్నీలకు మామూలు పట్టీల క్యారియరు అతకదు.

సిద్ధాంతం:

ఒకటి రెండు సైకిళ్ళకు లోపలే శ్రేయం: ఎండా వానా తగలవు, దొంగ కంట పడవు. ఇంటిల్లిపాదీ తొక్కేవారికి మాత్రం కప్పో, వెనక తలుపో తప్పదు.

అలంకారం:

పద్యంలో స్వభావోక్తి, బ్రోషరులో అతిశయోక్తి.

తాత్పర్యం:

ఓ రౌతా, లీటర్లను చూసి కారు కొనకు. డిక్కీ నోరు, మడిచిన సీట్ల నేల కొలువు. ముందుచక్రం ఒక్కటి తీస్తే సైకిలు లోపలికి పోయే కారే నీ కారు. రెండు చక్రాలూ, సీటూ, హ్యాండిలూ విప్పితే గాని పట్టని కారు కొంటే వారం తిరగకుండానే సైకిలు బాల్కనీకి, నువ్వు సోఫాకు చేరతారు.

ఫలశ్రుతి:

దీన్ని నిత్యం పఠించినా ఫలం లేదు. టెస్ట్ డ్రైవ్ నాడు సైకిలును షోరూముకే తీసుకెళ్ళి ఎక్కించి చూడండి. పడితే కొనండి. ఎక్కించి చూడనివ్వని చోట కొనకండి.